ఎల్‌డీడీతో నాలుగేళ్ళు: నిజమే చెబుతుంది, కానీ ఏ మెషిన్ గురించి?

ఎల్‌డీడీ అనే ఈ లైనక్స్ కమాండ్ ధర సున్నా. ఆర్డర్ పెట్టనక్కర్లేదు, లైనక్స్ ఎక్కించిన దాదాపు ప్రతి మెషిన్‌లోనూ జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీతో పాటే వచ్చి కూర్చుని ఉంటుంది. అయినా రివ్యూ ఎందుకంటే, నూట యాభై రూపాయల ఛార్జింగ్ కేబుల్ కొనేముందు ముప్ఫై రివ్యూలు చదివే మనం, శనివారం రాత్రి క్లయింట్ ముందు పరువు నిలబెట్టే ఈ కమాండ్ గురించి (ఒక్కోసారి పరువు తీసే కమాండ్ కూడా ఇదే) ఒక్క ముక్క చదవకుండా వాడేస్తాం. నేనూ అలాగే వాడాను. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పడానికే మిగతాదంతా. కమాండ్లు మనం నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, "మైనస్ డి", "మైనస్ వి" అని. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మనం రాసిన ప్రోగ్రాం అన్ని పనులూ తనే చేసుకోదు. ఫైల్ తెరవడం, మెమరీ అడగడం, ఎన్‌క్రిప్షన్, ఫోటో చిన్నది చేయడం, వీటన్నిటికీ వేరే వాళ్ళు రాసిపెట్టిన షేర్డ్ లైబ్రరీలు ఉంటాయి, డిస్క్ మీద ఒక్క కాపీ ఉంటే వంద ప్రోగ్రాంలు పంచుకుంటాయి. ఫైల్ పేరులో డాట్ ఎస్ఓ అని కనిపించేవి అవే. ప్రోగ్రాం మొదలుపెట్టగానే లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ముందు లేచి, కావలసిన లైబ్రరీలన్నీ వెతికి తెచ్చి మెమరీలో పెట్టి, ఆ తర్వాతే మన కోడ్‌ని లేపుతుంది. ఏది కావాలి, ఏది ఎక్కడ దొరికింది, ఏది దొరకలేదు అని ఆ లోడర్ చేతే చెప్పించేది ఎల్‌డీడీ.

ఇక నా గోడు. మాది మాదాపూర్‌లో ఇరవై మంది ఉన్న చిన్న కంపెనీ. సికింద్రాబాద్ వైపు ఒక క్లయింట్, పేరు వద్దులెండి. వాళ్ళ గోడౌన్‌లో లేబుళ్ళు ప్రింట్ చేసే సర్వీస్ ఒకటి సీ ప్లస్ ప్లస్‌లో రాసిచ్చాం. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్, 22.04 వెర్షన్. బిల్డ్ చేశా, టెస్ట్ చేశా, ఎల్‌డీడీ కొట్టా, ఒక్క "నాట్ ఫౌండ్" లేదు, అన్ని లైన్లకీ బాణం గుర్తు, బాణం పక్కన పాత్. ఇంకేం కావాలి? బైనరీని (బిల్డ్ చేస్తే వచ్చే, నేరుగా నడిచే ఫైల్) క్లయింట్ సర్వర్‌లో పడేసి, రాత్రి ఎనిమిదింటికి రాయదుర్గం మెట్రోకి బయల్దేరా. ప్లాట్‌ఫాం మీద ఉండగానే ఫోన్. సర్వీస్ లేవడం లేదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని స్టేషన్ బెంచీ మీదే కూర్చుని చూస్తే, "జీలిబ్‌సీ 2.34 వెర్షన్ నాట్ ఫౌండ్" అని ఒకే ఒక్క లైన్ పడి ఆగిపోయింది.

మా టీమ్‌లో సీనియర్ అన్న ఒకాయన ఉన్నాడు, వరంగల్ వైపు మనిషి, పదిహేనేళ్ళుగా ఇదే పని. ఆయనకి ఫోన్ చేసి, "అన్నా, నా దాంట్లో బానే నడుస్తోంది, ఎల్‌డీడీ కూడా కొట్టి చూశా" అన్నాను.

"ఏడ కొట్టినవ్? నీ దాంట్ల కొట్టినవా, వాళ్ళ దాంట్ల కొట్టినవా?"

"నా ల్యాప్‌టాప్‌లో అన్నా."

"ఐతే నీ ల్యాప్‌టాప్‌నే తీస్కపోయి వాళ్ళ సర్వర్ రూంల పెడ్దామారా మరి?"

నా మొత్తం కంప్లయింట్ ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఎల్‌డీడీ ఎప్పుడూ ప్రోగ్రాం గురించి చెప్పదు. ఈ మెషిన్‌లో, ఈ నిమిషాన, ఈ యూజర్ ఈ షెల్‌లో నడిపితే ఈ ప్రోగ్రాంకి ఏమేం దొరుకుతాయో చెబుతుంది. మనం అది ప్రోగ్రాంకి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుని జేబులో పెట్టుకుని తిరుగుతాం.

చిన్నప్పుడు ఇంట్లో కిరాణా చీటీ రాసిచ్చేవాళ్ళు కదా, కందిపప్పు కిలో, చింతపండు పావుకిలో అని. ఆ చీటీలో ఏం కావాలో ఉంటుంది, ఏ కొట్లో కొనాలో ఉండదు. బైనరీ లోపల కూడా అలాంటి చీటీ ఒకటి ఉంటుంది, దాన్ని నీడెడ్ లిస్ట్ అంటారు. ఎల్‌డీడీ ఆ చీటీ పట్టుకుని బజారంతా తిరిగి, ఏ సరుకు ఏ కొట్లో దొరికిందో పక్కన రాసుకొస్తుంది. బేగంబజార్‌లో తిరిగి "అన్నీ దొరికాయి" అని రాసుకొచ్చిన కాగితం ఒక్క కిరాణా కొట్టున్న ఊళ్ళో ఏం పనికొస్తుంది? నేను చేసింది అదే. బజారు మారితే మళ్ళీ తిరగాలి.

చీటీ మాత్రమే చదవాలంటే వేరే పనిముట్టు ఉంది, రీడ్‌ఎల్ఫ్ మైనస్ డి. ఇది ఎక్కడికీ వెళ్ళదు, ఎవరినీ అడగదు, ఫైల్ తెరిచి లోపల రాసి ఉన్నది చదివేస్తుంది. తేడా కళ్ళారా చూడాలంటే ఉబుంటు 22.04లో, ఫోల్డర్‌లో ఫైళ్ళు చూపించే ఎల్ఎస్ కమాండ్ మీదే ప్రయత్నించండి. రీడ్‌ఎల్ఫ్ చూపించే చీటీలో రెండే పేర్లు: లిబ్‌ఎస్ఈలైనక్స్, లిబ్‌సీ (జీలిబ్‌సీ ఫైల్ పేరు అదే). అదే ఫైల్ మీద ఎల్‌డీడీ కొడితే ఐదు లైన్లు వస్తాయి. మరి మిగతా మూడు ఎక్కడివి?

మొదటి లైన్ లైనక్స్ వీడీఎస్ఓ. దీనికి బాణం ఉండదు, పాత్ ఉండదు, డిస్క్ మొత్తం వెతికినా ఆ పేరుతో ఫైల్ దొరకదు, ఎందుకంటే అది కెర్నలే ప్రతి ప్రాసెస్ మెమరీలోకి దూర్చి పెట్టే చిన్న ముక్క. టైమ్ ఎంతయిందని అడగడం లాంటి చిన్న పనులకి ప్రతిసారీ కెర్నల్ లోపలికి వెళ్ళొచ్చే ఖర్చు తప్పించడానికి. మా టీమ్‌లో చేరిన ఒక ఫ్రెషర్ ఆ ఫైల్ కనపడటం లేదని మధ్యాహ్నం అంతా వెతికాడు పాపం. రెండో కొత్త పేరు లిబ్‌పీసీఆర్ఈ2. ఇది ఎల్ఎస్ అడిగింది కాదు, ఎల్ఎస్ అడిగిన లిబ్‌ఎస్ఈలైనక్స్ అడిగింది, అంటే చుట్టం వెంట వచ్చిన చుట్టం. చివరి లైన్ లోడర్ సొంత పేరు, దానికి కూడా బాణం ఉండదు, ఎందుకంటే దాని పూర్తి పాత్ బైనరీలోనే అచ్చు వేసి ఉంటుంది. ప్రతి లైన్ చివర బ్రాకెట్లో పొడుగాటి హెక్స్ నంబర్ ఒకటి ఉంటుంది చూశారా, అది మెమరీలో ఎక్కడ పెట్టిందో ఆ అడ్రస్. సెక్యూరిటీ కోసం లోడర్‌కి ప్రతిసారీ వేరే చోటు ఇస్తారు కాబట్టి ప్రతిసారీ మారుతుంది. నిన్నటి అవుట్‌పుట్‌కీ ఇవాళ్టి దానికీ నంబర్లు తేడా వచ్చాయని టెన్షన్ పడొద్దు, నేను పడ్డాను.

లిబ్‌సీ ఫైల్ పేరు చివర ఉండే 6 ఏంటని చాలామంది అడగరు, అడిగినా జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. లైనక్స్‌లో ఒకప్పుడు వేరే లిబ్‌సీ ఉండేది, అది 5 దాకా వచ్చింది. 1997లో జీలిబ్‌సీ 2.0 వచ్చాక దానికి 6 నంబర్ ఇచ్చారు. అప్పటి నుంచి అది 6 దగ్గరే ఆగి ఉంది, లోపల మాత్రం 2.31, 2.35, 2.39 అని మారుతూనే ఉంది. నన్ను మెట్రో స్టేషన్‌లో కూర్చోబెట్టింది ఈ తిరకాసే. ఫైల్ పేరు రెండు మెషిన్లలోనూ అదే, లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6. పేరు కలిసింది కాబట్టి ఫైల్ దొరికింది. కానీ క్లయింట్ సర్వర్ ఉబుంటు 20.04, అందులో జీలిబ్‌సీ 2.31. నాది 2.35.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఇది తెలిశాక నా మీద నాకు కోపం కొంచెం తగ్గింది. 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.34లో, అప్పటిదాకా విడిగా ఉన్న లిబ్‌పీథ్రెడ్, లిబ్‌డీఎల్ లాంటి వాటిని లిబ్‌సీలోనే కలిపేశారు. ఆ సందర్భంలోనే, ప్రతి ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు పిలిచే ఒక ఫంక్షన్‌కి కొత్త వెర్షన్ ముద్ర పడింది. అందువల్ల 22.04 మీద "హలో వరల్డ్" బిల్డ్ చేసినా దానికి 2.34 కావాలి, మీరు కొత్త ఫీచర్ ఒక్కటీ వాడకపోయినా సరే. ఆ కలిపేసిన గుర్తు ఎల్‌డీడీలో కూడా కనబడుతుంది: 20.04లో ఎల్ఎస్ మీద కొడితే లిబ్‌డీఎల్, లిబ్‌పీథ్రెడ్ కూడా లిస్టులో ఉండి ఏడు లైన్లు వస్తాయి, 22.04లో ఐదే.

ఇక్కడ ఎల్‌డీడీకి న్యాయం చేయాలి. క్లయింట్ సర్వర్ మీద అదే కమాండ్ ముందే కొట్టి ఉంటే, ఆ "2.34 నాట్ ఫౌండ్" లైన్ నాకు అదే చూపించేది, పక్కన ఏ ఫైల్ దాన్ని అడిగిందో కూడా చెప్పేది. నా ల్యాప్‌టాప్‌లోనే మైనస్ వి పెట్టి కొట్టినా, ఏ లైబ్రరీలో ఏ వెర్షన్ ముద్ర కావాలో పొడుగ్గా అచ్చేసేది, కాస్త ఓపిక పట్టి చదివి ఉంటే 2.34 అనే మాట అందులో కనపడేది. తప్పు నాదే. ఆ రాత్రి పరిష్కారం కూడా సింపుల్‌గా తేలిపోయింది, 20.04 డాకర్ ఇమేజ్‌లో (మన మెషిన్‌లోనే పాత ఉబుంటుని డబ్బాలో పెట్టి నడిపినట్టు) మళ్ళీ బిల్డ్ చేసి పంపాను. పాత లిబ్‌సీ మీద బిల్డ్ చేసింది కొత్త దాని మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు. ఎక్కడ నడపాలో వాటిలో అన్నిటికంటే పాత మెషిన్ ఏదో కనుక్కుని దాని మీద బిల్డ్ చేయడం అప్పటినుంచి మా ఆఫీసులో రూలు.

ఇప్పుడు ఎల్‌డీడీ నన్ను నిజంగా తప్పుదోవ పట్టించిన రోజు. ఈసారి బుద్ధిగా క్లయింట్ సర్వర్ మీదే కొట్టాను. అన్నీ దొరికాయి. చేత్తో నడిపితే నడిచింది. సిస్టమ్‌డీ (సర్వీసుల్ని దానంతట అదే లేపే ప్రోగ్రాం) సర్వీస్‌గా పెట్టగానే ఒక లైబ్రరీ దొరకలేదని చచ్చిపోయింది. మళ్ళీ చేత్తో, నడిచింది. సర్వీస్, చచ్చింది. గంటన్నర ఇదే ఆట. చివరికి తేలిందేంటంటే, అక్కడి యూజర్ బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ తెరవగానే చదివే ఫైల్) ఎవరో ఎప్పుడో ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌లో ఒక ఫోల్డర్ రాసిపెట్టారు. నేను లాగిన్ అయిన షెల్‌లో అది ఉంటుంది కాబట్టి ఎల్‌డీడీకి ఆ కొట్టు తెలుసు. సర్వీస్ ఆ ఫైల్ చదవదు కాబట్టి దానికి తెలియదు. ఎల్‌డీడీ అబద్ధం చెప్పలేదు, నా షెల్‌లో నాకు దొరుకుతుందని చెప్పింది, అంతే. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపినా ఆ వేరియబుల్ మామూలుగా తీసేస్తారు, ఆ తేడా కూడా గుర్తుంచుకోండి. ఈ వేరియబుల్ అన్నది ఎక్కడ కనిపించినా అనుమానంగా చూడమని నా సలహా. శాశ్వతంగా ఒక ఫోల్డర్ చేర్చాలంటే ఈటీసీలో ఎల్‌డీ డాట్ ఎస్ఓ డాట్ కాన్ఫ్ డాట్ డి కింద ఒక ఫైల్ పెట్టి ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టాలి. ఫైల్ పెట్టి ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టడం మర్చిపోయేవాళ్ళు సగం మంది, ఎందుకంటే లోడర్ చూసేది ఆ కాన్ఫ్ ఫైల్‌ని కాదు, దాంట్లోంచి తయారైన క్యాష్‌ని.

లేదా బైనరీలోనే "నా పక్కనున్న లిబ్ ఫోల్డర్‌లో చూడు" అని రాయించుకోవచ్చు. దాన్ని రన్‌పాత్ అంటారు, చీటీ మీద సరుకు పేరుతో పాటు కొట్టు పేరు కూడా రాసినట్టు. ఇందులోనూ ఒక గొయ్యి ఉంది: రన్‌పాత్ నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు మళ్ళీ అడిగే వాటికి వర్తించదు. పాతకాలపు ఆర్‌పాత్ అయితే వాటికీ వర్తించేది. బిల్డ్ అయ్యాక మార్చాలంటే ప్యాచ్‌ఎల్ఫ్ ఉంది, బంగారం లాంటి టూల్, దాని రివ్యూ ఇంకోసారి.

డిజైన్ గురించి. ఎల్‌డీడీ అసలు ప్రోగ్రామే కాదు, షెల్ స్క్రిప్ట్. క్యాట్ కొట్టి చదువుకోవచ్చు, చదవండి, చిన్నదే. అది చేసే అసలు పని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి లోడర్‌ని పిలవడం. ఆ వేరియబుల్ ఉంటే లోడర్ లైబ్రరీలన్నీ తెచ్చి, ప్రోగ్రాంని మొదలుపెట్టకుండా లిస్టు అచ్చేసి వెళ్ళిపోతుంది. ఆ పేరు ఎల్‌డీ ట్రేస్ లోడెడ్ ఆబ్జెక్ట్స్, పదాల మధ్య అండర్‌స్కోర్లు, అన్నీ పెద్ద అక్షరాలు. మీరే దాన్ని సెట్ చేసి మామూలు ఎల్ఎస్ కొట్టి చూడండి, ఫోల్డర్‌లో ఫైళ్ళకి బదులు లైబ్రరీల లిస్టు వస్తుంది. పక్క సీటువాడి షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి చాయ్‌కి వెళ్ళిపోతే వాడు పది నిమిషాలు పిచ్చెక్కిపోతాడు. (చేశాను. మాటల్లేవు రెండ్రోజులు.)

సరదా పక్కన పెడితే ఇందులో ప్రమాదం ఉంది. లోడర్‌ని పిలవడం అంటే ఆ ఫైల్‌ని సగం నడిపినట్టే. తెలియని చోటి నుంచి వచ్చిన బైనరీ మీద ఎల్‌డీడీ వాడొద్దని దాని మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది, ఎందుకంటే కొన్ని వెర్షన్లు కొన్ని సందర్భాల్లో ఆ ప్రోగ్రాంనే నేరుగా నడిపి సమాచారం రాబడతాయి. జీలిబ్‌సీ 2.27కి ముందు అసలు కోడ్ అలా చేసేది. అమీర్‌పేటలో నేను కోర్సు చేసిన రోజుల్లో ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్‌లు చేతులు మారుతుండేవి, ఎవడో ఇచ్చిన "క్రాక్" మీద ముందు జాగ్రత్తగా ఎల్‌డీడీ కొట్టి చూసేవాళ్ళం, అదే అజాగ్రత్త అని తెలియదు. అనుమానం ఉన్న ఫైల్‌కి ఆబ్జ్‌డంప్ మైనస్ పి కొట్టి నీడెడ్ అన్న లైన్లు గ్రెప్ చేయండి (అంటే వెతకండి), లేదా పైన చెప్పిన రీడ్‌ఎల్ఫ్. చదవడమే తప్ప నడపడం ఉండదు. ఇంత ముఖ్యమైన మాట మాన్యువల్‌లో కింద ఒక సెక్షన్‌లో కాకుండా కమాండ్ కొట్టగానే కనబడాలి కదా. అర స్టార్ ఇక్కడ పోయింది.

ఇంకో అర స్టార్, చుట్టాల లెక్క సరిగ్గా చెప్పనందుకు. ఏ లైబ్రరీ ఎవరి వెంట వచ్చిందో ఎల్‌డీడీ చెప్పదు, అందరినీ ఒకే వరసలో కూర్చోబెడుతుంది. అది ఎంత ముఖ్యమో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేంటని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కీ ఎక్స్‌జెడ్‌కీ ఏం సంబంధం? నేరుగా ఏమీ లేదు. డెబియన్, ఫెడోరా లాంటివి తమ ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి సిస్టమ్‌డీతో మాట్లాడేందుకు లిబ్‌సిస్టమ్‌డీ తగిలించాయి, ఆ లిబ్‌సిస్టమ్‌డీ వెనకాల ఎక్స్‌జెడ్ తాలూకు లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ వచ్చింది. అసలు చీటీలో ఆ పేరే లేదు. రీడ్‌ఎల్ఫ్ మాత్రమే చూసేవాళ్ళకి అది కనపడేది కాదు, ఎల్‌డీడీలో కనపడేది, కానీ ఎలా వచ్చిందో తెలిసేది కాదు. ఆ వారం మా ఆఫీసులో ప్రతి సర్వర్ మీదా ఎస్ఎస్‌హెచ్‌డీకి ఎల్‌డీడీ కొట్టి ఎల్‌జెడ్ఎంఏ కోసం గ్రెప్ చేశాం. మేం వాడే ఉబుంటు రిలీజుల్లో ఆ చెడ్డ వెర్షన్లు లేవు కాబట్టి బతికిపోయాం.

చెట్టులా చూడాలంటే ఎల్‌డీడీట్రీ ఉంది, ఉబుంటులో పాక్స్ యుటిల్స్ ప్యాకేజీలో వస్తుంది. లిబ్‌ట్రీ అని ఇంకోటి ఉంది, రంగుల్లో చూపిస్తుంది, ఏది ఏ దారిన దొరికిందో, రన్‌పాత్ వల్లా కాన్ఫ్ ఫైల్ వల్లా అన్నది కూడా పక్కనే రాస్తుంది. నేను ఈమధ్య ఎల్‌డీడీ కంటే దీన్నే ఎక్కువ కొడుతున్నాను, ప్రోగ్రాంని నడపదు కూడా. క్లయింట్ సర్వర్లలో కొత్త ప్యాకేజీ వేయడానికి పర్మిషన్ ఉండదు కాబట్టి అక్కడ మాత్రం పాత చెలిమే గతి.

"నాట్ ఫౌండ్" వస్తే ఏం చేయాలన్న దానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక వైద్యం గురించి చెప్పకపోతే పాపం. ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 3 వచ్చింది, 1.1 పోయింది. పాత బైనరీలన్నీ "లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 నాట్ ఫౌండ్" అని ఏడవడం మొదలుపెట్టాయి. వెంటనే ఒక మహానుభావుడు, 3 ఫైల్‌కి 1.1 అని సిమ్‌లింక్ (ఒక ఫైల్‌కి ఇంకో పేరు) పెట్టేయండి, అయిపోతుంది అన్నాడు. ముప్ఫై మంది థంబ్స్ అప్. పేరు మార్చిన మాత్రాన మనిషి మారతాడా? ఆ నంబర్ మారిందంటేనే లోపల పొంతన కుదరదని అర్థం. సిమ్‌లింక్ పెట్టాక ఎల్‌డీడీ కొడితే పాత్ దొరుకుతుంది కానీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.0 వెర్షన్ ముద్ర లేదని పైన ఇంకో లైన్ వస్తుంది, ఆ లైన్ ఎవరూ చదవరు. సరైన దారి 3 మీద మళ్ళీ బిల్డ్ చేయడమే.

అసలు పెద్ద కోత, మిగిలిన అర స్టార్, వంట మధ్యలో తెప్పించే సరుకుల గురించి. పొయ్యి మీద పెట్టాక "ఒరే, పెరుగు పట్రా" అని పరిగెత్తించినట్టు, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ డీఎల్ఓపెన్ అనే ఫంక్షన్‌తో కొత్త లైబ్రరీ తెప్పించుకోవచ్చు. ప్లగిన్లన్నీ ఇలాగే వస్తాయి. ఇవి చీటీలో ఉండవు, ఎల్‌డీడీకి కనపడవు. ఇది ఎల్‌డీడీ తప్పు కాదని ఒప్పుకుంటాను, ముందే ఎలా తెలుస్తుంది దానికి? కానీ "అన్నీ ఉన్నాయి" అనే ఆ ధీమాయే మనల్ని ముంచుతుంది.

లేబుల్ డిజైన్ చేసే స్క్రీన్ కోసం క్యూట్ అనే, విండోలు, బటన్లు గీసే లైబ్రరీ వాడాం. ఎల్‌డీడీ క్లీన్. నడిపితే, ఎక్స్‌సీబీ ప్లాట్‌ఫాం ప్లగిన్ కనపడింది గానీ లోడ్ చేయలేకపోయాను అని చెప్పి పడిపోయింది. "ఫైల్ ఉంది కానీ లోడ్ అవదు" అంటే ఏంటి? ఆ ప్లగిన్ కూడా ఒక డాట్ ఎస్ఓ ఫైలే, దానికీ ఒక చీటీ ఉంటుంది. ఎల్‌డీడీని ప్రోగ్రాం మీద కాకుండా ఆ లిబ్‌క్యూఎక్స్‌సీబీ ఫైల్ మీద కొట్టాలి. కొట్టగానే లిబ్ ఎక్స్‌సీబీ కర్సర్ నాట్ ఫౌండ్. క్యూట్ 6.5 నుంచి అది తప్పనిసరి. ఒక్క ప్యాకేజీ వేస్తే లేచి కూర్చుంది. పైథాన్ మాడ్యూళ్ళకీ ఇదే మంత్రం: పైథాన్ మీద కొట్టి లాభం లేదు, ఇంపోర్ట్ అవని మాడ్యూల్ తాలూకు డాట్ ఎస్ఓ ఫైల్ వెతికి దాని మీద కొట్టండి.

నడుస్తున్న ప్రోగ్రాం నిజంగా ఏమేం తెచ్చుకుందో చూడాలంటే ప్రాక్ ఫోల్డర్‌లో దాని పిడ్ (ప్రాసెస్ నంబర్) కింద మ్యాప్స్ అనే ఫైల్ చదవండి. నడవకుండా పడిపోతుంటే ఎల్‌డీ డీబగ్ అనే వేరియబుల్‌కి లిబ్స్ అని ఇచ్చి నడపండి. లోడర్ ఏ ఫోల్డర్‌లో వెతికింది, దొరక్క ఎటు వెళ్ళింది, ఎక్కడ దొరికింది, అన్నీ వాగుతుంది, పెళ్ళిచూపుల మధ్యవర్తిలా. నా మటుకు ఇంత నిజాయితీ ఉన్న టూల్ ఇంకోటి లేదు, ఎందుకంటే సర్వీస్ ఫైల్‌లో కూడా ఈ వేరియబుల్ పెట్టొచ్చు, అంటే సర్వీస్‌కి ఏ కొట్లు తెలుసో సర్వీస్ నోటితోనే వినొచ్చు. బ్యాష్‌ఆర్‌సీ గొడవ అలాగే పట్టుకున్నాను.

మిగతా ఊళ్ళ గురించి త్వరగా. ఆల్పైన్ అనే చిన్న లైనక్స్‌లో జీలిబ్‌సీ లేదు, దాని బదులు మసల్ అనే వేరే లిబ్‌సీ ఉంటుంది. అక్కడ ఉబుంటులో బిల్డ్ చేసిన బైనరీ నడిపితే "నో సచ్ ఫైల్" అంటుంది. ఫైల్ కళ్ళముందే ఉంటుంది! లేనిది ఫైల్ కాదు, ఆ ఫైల్ అడిగే లోడర్. మా రూమ్మేట్ మ్యాక్‌లో ఎల్‌డీడీ లేదు, ఓటూల్ మైనస్ పెద్ద ఎల్ ఉంది. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి సిస్టమ్ లైబ్రరీలు విడి ఫైళ్ళుగా డిస్క్ మీద కనపడవు కాబట్టి అది చూపించిన పాత్‌కి వెళ్ళి వెతికి తిట్టుకోవద్దు. విండోస్‌లో పాతకాలపు డిపెండెన్సీ వాకర్ కొత్త విండోస్ మీద అన్నీ ఎర్రగా చూపించి భయపెడుతుంది, దానికి బదులు డిపెండెన్సీస్ అనే కొత్తది వాడండి.

ఇంకొక చిన్న సంగతి. మొన్న ఒక ట్రైనీ పరిగెత్తుకుంటూ వచ్చి, "సార్, ఎల్‌డీడీ ఎర్రర్ ఇస్తోంది, నాట్ ఏ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్ అంటోంది" అన్నాడు. గో భాషలో రాసిన టూల్ అది, స్టాటిక్‌గా బిల్డ్ చేసింది, టిఫిన్ క్యారియర్‌లో అన్నీ తనే తెచ్చుకుంది. శుభవార్త బాబూ అది, ఎర్రర్ కాదు అని చెప్పి పంపాను. తర్వాత డౌట్ వచ్చి వెనక్కి పిలిచి ఫైల్ కమాండ్ కూడా కొట్టించాను, ఎందుకంటే వేరే ఆర్కిటెక్చర్‌కి, అంటే ఆర్మ్ లాంటి వేరే రకం ప్రాసెసర్‌కి బిల్డ్ చేసిన బైనరీ ఇచ్చినా ఎల్‌డీడీ అచ్చం అదే మాట అంటుంది. ఈ ఒక్క విషయంలో మెసేజ్ కాస్త మార్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ సికింద్రాబాద్ క్లయింట్ సర్వర్ ఇంకా 20.04లోనే ఉంది. దాని మామూలు సపోర్ట్ 2025 మేలో అయిపోయిందని రెండుసార్లు మెయిల్ పెట్టాను. "దసరా అయ్యాక చూద్దాం సార్" అన్నారు. ఏ దసరా అని అడగలేదు. మా బిల్డ్ మెషిన్‌లో ఆ పాత డాకర్ ఇమేజ్‌ని మాత్రం ఎవరూ డిలీట్ చేయకుండా పేరు ముందు "ముట్టుకోవద్దు" అని పెట్టాను.